మూత్రపిండానికీ మగ, ఆడ తేడా ఉందా: చిట్టెలుకల ప్రయోగంలో నా అనుభవం

హైదరాబాదులో పరిశోధక విద్యార్థిగా నేను చేరిన ప్రయోగశాలలో మూత్రపిండ గాయం మీద చాలాకాలంగా మగ చిట్టెలుకలతోనే పని జరుగుతూ వచ్చింది. అందుకు కారణాన్ని అక్కడ ఎవరూ దాచలేదు. మూత్రపిండానికి రక్తప్రసారాన్ని కొంతసేపు ఆపి మళ్ళీ వదిలితే మగ చిట్టెలుకకు కచ్చితంగా గాయమవుతుంది, అదే వయసున్న ఆడది చాలావరకు తట్టుకుంటుంది. గాయాన్ని అధ్యయనం చేయదలచినవారు గాయపడని జంతువును ఎంచుకోరు కదా. వృషణాలు తీసేసిన మగ చిట్టెలుకలు కూడా ఆడవాటిలాగే తట్టుకుంటాయనీ, ఆడవాటికి టెస్టోస్టిరాన్ ఇస్తే ఆ రక్షణ పోతుందనీ పార్క్, బాన్‌వెంట్రే బృందం 2004లోనే చూపింది. మా గైడ్ మేడం నాకు అప్పగించిన ప్రశ్న గాయం దాకా వెళ్ళదు. ఏ గాయమూ లేని ఆరోగ్యవంతమైన మూత్రపిండంలో మగ, ఆడ జంతువుల జన్యు వ్యక్తీకరణ, అంటే ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది, ఎంత వేరుగా ఉంటుంది, ఆ తేడాలో లైంగిక హార్మోన్ల వల్ల వచ్చేది ఎంత అన్నదే ఆ ప్రశ్న.

చదవడం మొదలుపెట్టాక ఇది ఎంత పాత ప్రశ్నో అర్థమైంది. టెస్టోస్టిరాన్ ఇచ్చిన చిట్టెలుకల మూత్రపిండాలు పెద్దవవుతాయని హాన్స్ సెల్యే 1939లో రాశారు. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే కేశనాళికల గుచ్ఛాన్ని చుట్టి ఉండే బౌమన్ గుళిక లోపలి గోడను కప్పే కణాలు ఆడ చిట్టెలుకల్లో పలుచగా, చదునుగా ఉంటే, పెరిగిన మగవాటిలో చాలా గుళికల్లో ఘనాకారంలో ఉంటాయని క్రాబ్‌ట్రీ 1941లో గమనించారు. ఆ తరవాతి దశాబ్దాల్లో చిట్టెలుక మూత్రపిండం, హార్మోన్ ఒక జన్యువును ఎలా మేల్కొలుపుతుందో తెలుసుకోవడానికి ఇష్టమైన నమూనాగా మారింది. బీటా గ్లూకురోనిడేజ్, ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైములు, ‘కాప్’ అని పొట్టిగా పిలిచే మూత్రపిండ ఆండ్రోజెన్ (టెస్టోస్టిరాన్ వంటి మగ హార్మోన్) నియంత్రిత ప్రోటీన్, ఇవన్నీ టెస్టోస్టిరాన్‌కు లొంగేవే. అయితే ఒకే వేగంతో కాదు. కాప్ సందేశం (ఆ జన్యువు నుంచి తయారయ్యే ఆర్.ఎన్.ఏ.) హార్మోన్ అందిన కొద్ది గంటల్లో పెరగడం మొదలుపెడుతుంది, గ్లూకురోనిడేజ్‌కు రోజులు, వారాలు పడుతుంది. జననావయవాలకు బయట కూడా లింగభేదానికి ప్రధాన కారణం టెస్టోస్టిరానేనని వాదిస్తూ బార్డిన్, కాటరాల్ 1981లో సైన్స్ పత్రికలో రాసిన సమీక్ష నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. ఇంత చరిత్ర ఉండి కూడా వైద్య పరిశోధనలో మూత్రపిండాన్ని లింగంతో పనిలేని అవయవంగా చూసే అలవాటు ఎలా నిలిచిపోయిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. జంతు ప్రయోగాల్లోనూ లింగాన్ని ఒక జీవసంబంధమైన అంశంగా పరిగణించాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తన నిధులు పొందేవారిని అడగడం 2016లో గానీ మొదలు కాలేదు.

మగ, ఆడ జంతువులను పక్కపక్కన పెట్టి పోలిస్తే తేడా తెలుస్తుంది గానీ దాని మూలం తెలియదు. మగ జంతువులో టెస్టోస్టిరాన్ ఎక్కువ. కానీ దానికి వై క్రోమోజోమ్ కూడా ఉంది, ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే ఉంది, శరీరం పెద్దది, అది తినే తిండీ ఎక్కువే. హార్మోన్‌ను వీటినుంచి విడదీయాలంటే హార్మోన్‌ను తీసేసి చూడాలి, తిరిగి ఇచ్చి చూడాలి. అందుకే మా పథకంలో మామూలు మగవి, వృషణాలు తొలగించినవి, తొలగించాక టెస్టోస్టిరాన్ ఇచ్చినవి, డైహైడ్రోటెస్టోస్టిరాన్ ఇచ్చినవి ఒకవైపు. మామూలు ఆడవి, అండాశయాలు తొలగించినవి, తొలగించాక ఎస్ట్రాడయాల్ (ప్రధాన ఈస్ట్రోజెన్) ఇచ్చినవి, అండాశయాలు ఉండగానే టెస్టోస్టిరాన్ ఇచ్చినవి మరోవైపు ఉన్నాయి. డైహైడ్రోటెస్టోస్టిరాన్ గ్రూపు ఎందుకని సమావేశంలో ఒకరు అడిగారు. టెస్టోస్టిరాన్‌ను శరీరం అరోమటేజ్ అనే ఎంజైము ద్వారా ఎస్ట్రాడయాల్‌గా మార్చుకోగలదు. డైహైడ్రోటెస్టోస్టిరాన్ అలా మారదు. కాబట్టి టెస్టోస్టిరాన్ ఇచ్చినప్పుడు కనిపించిన ఫలితం ఈస్ట్రోజెన్‌గా మారడం వల్ల వచ్చిందా, ఆండ్రోజెన్‌గానే వచ్చిందా అన్నది ఆ గ్రూపు లేకుండా తేల్చడం కష్టం. క్రోమోజోమ్ పాత్రను పూర్తిగా విడదీయడానికి ‘నాలుగు మూల జన్యురూపాల’ చిట్టెలుకలు ఉన్నాయి. వాటిలో వృషణాలను ఏర్పరిచే ఎస్.ఆర్.వై. జన్యువు వై క్రోమోజోమ్ నుంచి వేరే క్రోమోజోమ్‌కు తరలించి ఉంటుంది గనుక, రెండు ఎక్స్‌లు ఉండి వృషణాలున్న జంతువూ, ఎక్స్, వై ఉండి అండాశయాలున్న జంతువూ దొరుకుతాయి. అవి మా దగ్గర లేవు. మా ప్రశ్నకు శస్త్రచికిత్స సరిపోతుందని మేడం నిర్ణయించారు.

జంతు నైతిక సంఘానికి ఫారం బి నింపి ఇచ్చినప్పుడు వచ్చిన ప్రశ్నలు నా ప్రణాళికను గట్టిపరిచాయి. ఎన్ని జంతువులు కావాలో గణాంకపరంగా సమర్థించమన్నారు, నొప్పి నివారణ మందు ఎంత మోతాదులో, ఎన్నాళ్ళు ఇస్తారో రాయమన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, పొట్ట కోసి కుట్టడం మాత్రమే జరిగి గ్రంథులు అలాగే ఉండే నకిలీ శస్త్రచికిత్స గ్రూపును మామూలు జంతువుల స్థానంలో పెట్టమన్నారు. శస్త్రచికిత్స ఒత్తిడి ఒక్కటే కూడా మూత్రపిండ జన్యువులను కదపగలదు కాబట్టి అది న్యాయమైన మాటే. శస్త్రచికిత్సలు పశువైద్యురాలి పర్యవేక్షణలో జరిగాయి.

హార్మోన్ ఇవ్వడానికి టెస్టోస్టిరాన్ ప్రొపియొనేట్‌ను నువ్వుల నూనెలో కరిగించి చర్మం కింద ఎక్కించాం. పోలిక కోసం మిగతా గ్రూపులకు ఉత్త నువ్వుల నూనె. ఇంజెక్షన్ చేసిన కాసేపటికి హార్మోన్ ఒక్కసారిగా పైకి లేచి తరవాత తగ్గుతుందన్నది ఈ పద్ధతికున్న పరిమితి. చర్మం కింద పెట్టే సిలికాన్ గొట్టమైతే రోజంతా సమంగా వదులుతుంది గానీ మా దగ్గర ఇంజెక్షనే అలవాటు. తిండి విషయం బయటివారికి తట్టని సంగతి. ప్రయోగశాల చిట్టెలుకల మేతలో సోయా ఉండడం మామూలే, సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్ వంటి మొక్కల ఈస్ట్రోజెన్లు ఉంటాయి. అండాశయాలు తీసేసి ఈస్ట్రోజెన్ లేకుండా చేశామనుకుంటూ మేత ద్వారా ఇంకో రూపంలో దాన్నే పెడితే ప్రయోగానికి అర్థముండదు. సోయా లేని మేత తెప్పించుకోవడానికి పట్టిన కాలం, దానికోసం నింపిన కొనుగోలు కాగితాలు శస్త్రచికిత్సకంటే ఎక్కువ శ్రమ పెట్టాయి.

ఆడ చిట్టెలుకల్లో హార్మోన్లు నాలుగైదు రోజుల చక్రంలో మారుతుంటాయనీ, అందువల్ల ఫలితాల్లో గందరగోళం ఎక్కువనీ, మగవి స్థిరమనీ పాఠంలా వింటూ వచ్చాను. చక్రం ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి రోజూ ఉదయం యోని ద్రవాన్ని ఒక చుక్క గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసేదాన్ని. కేంద్రకమున్న ఉపకళా కణాలు కనిపిస్తే ప్రొఈస్ట్రస్, కేంద్రకాలు పోయి కెరటిన్‌తో నిండిన పొలుసుల్లాంటి కణాలైతే ఈస్ట్రస్, తెల్లరక్తకణాలే నిండిపోయి ఉంటే డైఈస్ట్రస్. కొన్నాళ్ళకు ఇది చూడగానే తెలిసిపోయే పని. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి మగవే. మగ చిట్టెలుకల టెస్టోస్టిరాన్ ఒక జంతువు నుంచి మరోదానికి విపరీతంగా మారుతుంది. ఒకే పెట్టెలో కలిపి పెంచితే పెత్తనం చేసేదానికి ఎక్కువ, దానికి లొంగి ఉండేదానికి తక్కువ. ఆడవి చంచలం, మగవి స్థిరం అన్న మాట కనీసం ఈ హార్మోన్ విషయంలో తలకిందులు. పైగా ఎలైజా పరీక్షలు తక్కువ స్థాయిలున్న హార్మోన్లను, ముఖ్యంగా చిట్టెలుక ఎస్ట్రాడయాల్‌ను, నమ్మదగినట్లు కొలవలేవు. మాస్ స్పెక్ట్రోమెట్రీ మేలు, కానీ దానికి కావలసినంత రక్తం చిట్టెలుక నుంచి దొరకడమే కష్టం.

అందుకే నేను పరీక్షకంటే అవయవాన్ని ఎక్కువ నమ్మాను. కణజాలం సేకరించే రోజున మూత్రపిండం ముట్టుకోకముందే మగవాటిలో శుక్రాశయాలను తీసి తూకం వేసేదాన్ని. అవి పూర్తిగా ఆండ్రోజెన్ మీద ఆధారపడిన అవయవాలు. వృషణాలు తీసేసిన జంతువులో సన్నని దారాల్లా ముడుచుకుపోతాయి, టెస్టోస్టిరాన్ ఇస్తే మళ్ళీ నిండుగా ఉబ్బుతాయి. ఆడవాటిలో గర్భాశయం తూకం ఎస్ట్రాడయాల్ గురించి అదే విధంగా సాక్ష్యం చెబుతుంది. రక్తపరీక్ష ఏ క్షణంలో రక్తం తీశారో ఆ క్షణం సంగతి చెబితే, శుక్రాశయం గడిచిన వారాల సంగతి చెబుతుంది.

మూత్రపిండాన్ని ఎలా కోస్తామన్నది చిన్న విషయంలా కనిపించినా ఈ ప్రశ్నకు అది కీలకం. ముందు సెలైన్ పంపి రక్తాన్ని కడిగేసి, ఒక మూత్రపిండాన్ని సూక్ష్మదర్శిని కోసం ఫార్మలిన్‌లో వేసి, రెండోదానినుంచి వల్కలాన్ని (బయటి పొరను) దవ్వ (లోపలి భాగం) నుంచి వేరుచేసి ద్రవ నత్రజనిలో గడ్డకట్టించాం. మూత్రపిండం ఒకే రకం కణాల ముద్ద కాదు. వడపోత జరిగే రక్తకేశనాళికాగుచ్ఛం, వడకట్టిన ద్రవంలో అధిక భాగాన్ని తిరిగి పీల్చుకునే సమీపస్థ నాళిక, హెన్లీ శిక్యం, దూరస్థ నాళిక, సంగ్రహణ నాళం, ఇలా ఒక్కొక్క భాగానిది ఒక్కో పని, ఒక్కో జన్యువుల పట్టిక. సమీపస్థ నాళిక చివరి భాగం వల్కలం దాటి దవ్వ పైఅంచులోకి దిగుతుంది. ఆ సరిహద్దు మీద కత్తి కాస్త అటూ ఇటూ అయితే ఆ భాగం ఒక నమూనాలో ఎక్కువగా, మరోదానిలో తక్కువగా చేరి, లేని తేడాను సృష్టిస్తుంది. అందువల్ల ఏ గ్రూపు జంతువో తెలియకుండా సంకేత సంఖ్యలు మాత్రమే చూస్తూ అన్నిటినీ ఒక్కరమే కోసే ఏర్పాటు చేసుకున్నాం.

ఆర్.ఎన్.ఏ. తీయడం చాలామందికి తెలిసిన పనే కనుక దాని మీద ఎక్కువ రాయను. ట్రైజాల్‌లో నూరి, క్లోరోఫామ్ వేసి, పైన తేలిన ద్రవం నుంచి ఐసోప్రొపనాల్‌తో అవక్షేపించి, శుద్ధతను చూపే 260/280 నిష్పత్తి 2కు దగ్గరగా ఉన్నవాటినే ముందుకు పంపాం. కాస్త ఆగవలసింది ప్రామాణిక జన్యువు దగ్గర. జన్యు సందేశాన్ని చక్రం తరవాత చక్రంగా ప్రతులు తీసి పెంచుతూ కొలిచే క్యూపీసీఆర్‌లో ఒక జన్యువు స్థాయిని మారకుండా ఉండే మరో జన్యువుతో పోల్చి చెబుతాం. అందరూ అలవాటుగా గ్యాప్‌డీహెచ్ వాడతారు. కానీ అది చక్కెరను విరిచే మార్గంలోని ఎంజైము, సమీపస్థ నాళిక జీవక్రియే హార్మోన్‌తో మారుతున్నప్పుడు అది మారదని ముందే ఎలా అనుకోగలం? కొలబద్దే హార్మోన్‌కు సాగుతూ, ముడుచుకుంటూ ఉంటే కొలత ఏమవుతుంది? కొన్ని ప్రామాణిక జన్యువులను అన్ని గ్రూపుల్లోనూ నడిపి చూసి, నిలకడగా ఉన్న రెంటి సగటును వాడాం.

మొదట నేను చూసింది హార్మోన్ జన్యువులను కాదు, క్రోమోజోమ్ జన్యువులను. ఎగ్జిస్ట్ అనే ఆర్.ఎన్.ఏ. రెండు ఎక్స్‌లు ఉన్న కణాల్లో మాత్రమే వ్యక్తమవుతుంది, డీడీఎక్స్3వై వై క్రోమోజోమ్ మీదుంది. వృషణాలు తీసినా, టెస్టోస్టిరాన్ ఇచ్చినా ఈ రెండూ కదలకూడదు, కదలలేదు కూడా. నమూనాల చీటీలు ఎక్కడా తారుమారు కాలేదన్న భరోసాతోపాటు, మగ, ఆడ తేడాల్లో ఒక రకం క్రోమోజోమ్‌తో పుట్టి జీవితాంతం నిలిచేదనీ, మరో రకం హార్మోన్‌తో వచ్చి హార్మోన్‌తో పోయేదనీ ఒకే పలక మీద పక్కపక్కనే కనిపించింది.

సైటోక్రోమ్ పీ450 కుటుంబానికి చెందిన సీవైపీ4ఏ12 జన్యువు రెండో రకానికి చక్కని ఉదాహరణ. దాని ఎంజైము అరాకిడోనిక్ ఆమ్లం నుంచి రక్తనాళాలను బిగించే 20-హీట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. మగవాటిలో దాని సంకేతం ఆడవాటికంటే చాలా చక్రాల ముందే యంత్రంలో కనిపించింది. ఒక్కో చక్రానికి పదార్థం సుమారు రెట్టింపు అవుతుంది గనుక పది చక్రాల తేడా అంటే వెయ్యి రెట్లని లెక్కవేసుకుంటే, ఇది గణాంక పరీక్షలకోసం వెతుక్కోవలసిన సన్నని తేడా కాదని అర్థమవుతుంది. వృషణాలు తీసిన మగవాటిలో అది ఆడవాటి స్థాయికి దిగిపోయింది, టెస్టోస్టిరాన్ ఇచ్చిన ఆడవాటిలో మగవాటివైపు ఎగబాకింది. దాని దగ్గరి బంధువైన సీవైపీ4ఏ14 దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఆడవాటిలో ఎక్కువ, వృషణాలు తీస్తే మగవాటిలోనూ పెరుగుతుంది. ఈ జంట రక్తపోటు చర్చలో 2001 నుంచీ ఉంది. సీవైపీ4ఏ14 లేకుండా చేసిన మగ చిట్టెలుకల్లో ఆండ్రోజెన్ పెరిగి, సీవైపీ4ఏ12 పెరిగి, రక్తపోటు పెరిగిందనీ, వృషణాలు తీస్తే రక్తపోటు తగ్గిందనీ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఏడాది ప్రకటించారు.

డైహైడ్రోటెస్టోస్టిరాన్ ఇచ్చిన గ్రూపు ప్రయోగశాలలో కొందరిని నిరాశపరిచింది. ప్రోస్టేట్‌లో టెస్టోస్టిరాన్‌కంటే బలమైనదని పేరున్న ఈ హార్మోన్, మూత్రపిండంలో దానికంటే బలహీనంగా పనిచేసినట్లు కనిపించింది. అయితే పాత పత్రాలు చదివినవారికి ఇది ఊహించదగినదే. చిట్టెలుక మూత్రపిండంలో టెస్టోస్టిరాన్‌ను డైహైడ్రో రూపంలోకి మార్చే ఎంజైము చాలా తక్కువ, వచ్చిన డైహైడ్రో రూపాన్ని నిర్వీర్యం చేసే ఎంజైము ఎక్కువ. అందుకే ఇక్కడ టెస్టోస్టిరానే నేరుగా గ్రాహకానికి అతుక్కుని పనిచేస్తుంది. ఈస్ట్రోజెన్ వైపు ఫలితాలు పేలవంగానే ఉన్నాయి. అండాశయాలు తీయడంవల్ల మేము చూసిన జన్యువుల్లో వచ్చిన మార్పు, వృషణాలు తీయడంవల్ల వచ్చిన మార్పు ముందు చాలా చిన్నది. దీన్నిబట్టి ఈస్ట్రోజెన్‌కు మూత్రపిండంలో పనిలేదని అనకూడదు. మూత్రపిండంలో ఈస్ట్రోజెన్ ఆల్ఫా గ్రాహకం ఉంది, కాల్షియంను తిరిగి పీల్చుకునే టీఆర్‌పీవీ5 మార్గానికి చెందిన సందేశాన్ని ఎస్ట్రాడయాల్ పెంచుతుందని ఎలుకల్లో 2002లో చూపారు. మేము ఎంచుకున్న జన్యువులు ఆండ్రోజెన్ వైపు మొగ్గినవి, అంతే.

కాప్ జన్యువును కణజాలపు పలుచని ముక్క మీద, సందేశం ఏ కణాల్లో ఉందో చూపే ఇన్ సిటు హైబ్రిడైజేషన్‌తో చూసిన రోజు నాకు ఈ మొత్తం ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైనది. ఆడ చిట్టెలుకలో ఆ సంకేతం వల్కలాన్ని వదిలేసి దవ్వ పైఅంచున ఒక పట్టీలా, అంటే సమీపస్థ నాళిక చివరి భాగంలో మాత్రమే ఉంది. టెస్టోస్టిరాన్ ఇచ్చిన జంతువులో అది వల్కలమంతా నిండింది. క్యూపీసీఆర్ అయితే ‘ఇన్ని రెట్లు పెరిగింది’ అని మాత్రమే చెప్పి ఉండేది. నిజానికి జరిగింది ఉన్న కణాలు కాస్త ఎక్కువ తయారుచేయడం ఒక్కటే కాదు, అంతకుముందు మౌనంగా ఉన్న కణాలు కూడా కలిసిరావడం. అదే కణజాలానికి మామూలు రంగులద్ది చూస్తే క్రాబ్‌ట్రీ చెప్పిన ఘనాకార కణాలు మగవాటి బౌమన్ గుళికల్లో స్పష్టంగా కనిపించాయి.

మా ఫలితాలను ఇతరులు ప్రకటించిన ఏకకణ ఆర్.ఎన్.ఏ. సమాచారంతో పోల్చి చూశాను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని ఆండ్రూ మెక్‌మాన్ బృందం 2019లో మగ, ఆడ చిట్టెలుకల మూత్రపిండ కణాలను విడివిడిగా చదివినప్పుడు తేడాలు ప్రధానంగా సమీపస్థ నాళికలోనే గుమిగూడి కనిపించాయి. అదే బృందం 2023లో మరో అడుగు వేసి, ఈ తేడాలు నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసు మధ్య, అంటే యవ్వనంతోపాటు వస్తాయనీ, మూత్రపిండ నాళికల్లోనే ఆండ్రోజెన్ గ్రాహకాన్ని తీసేస్తే మగ లక్షణాలు పోతాయనీ చూపింది. కాలేయంతో పోలిస్తే దీని ప్రత్యేకత తెలుస్తుంది. కాలేయంలో లింగభేదం చాలావరకు పిట్యూటరీ విడుదల చేసే పెరుగుదల హార్మోన్ లయ ద్వారా వస్తుంది; టెస్టోస్టిరాన్ అక్కడ దూరంనుంచి తీగ లాగుతుంది. మూత్రపిండంలో మాత్రం అది నాళిక కణంలోకే వెళ్ళి, గ్రాహకంతో కలిసి జన్యువు దగ్గరే కూర్చుంటుంది.

ఇదంతా చూశాక, మగ, ఆడ నమూనాలను కలిపి సగటు తీసే పద్ధతిమీద నాకు గౌరవం తగ్గింది. ఒకవైపు వెయ్యి, మరోవైపు ఒకటి ఉన్నప్పుడు వచ్చే సగటు ఏ జంతువులోనూ ఉండదు. అలాగని మగ జంతువు చెప్పింది మనిషికి వర్తిస్తుందనుకోవడమూ ప్రమాదమే. మగ ఎలుకల కాలేయం ఆండ్రోజెన్ ప్రభావంతో ఆల్ఫా 2యు గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది; నారింజ తొక్కల నూనెలోని లిమోనీన్ వంటి కొన్ని పదార్థాలు దానికి అతుక్కుంటే అది సమీపస్థ నాళికలో పేరుకుపోయి, కాలక్రమంలో కణితులు వస్తాయి. ఆడ ఎలుకల్లో ఇది జరగదు. ఇలా మగ ఎలుకల్లో మాత్రమే వచ్చే కణితులను మనుషుల ప్రమాద అంచనాకు వాడరాదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1991లో నిర్ణయించింది.

మనుషుల సమాచారం చూడబోతే చిట్టెలుకల్లోని స్పష్టత అక్కడ లేదు. సీవైపీ4ఏ12కు మనిషిలో ఒకటికొకటిగా సరిపోయే జన్యువు లేదు. ఆ కుటుంబంలో మనకున్నవి సీవైపీ4ఏ11, సీవైపీ4ఏ22. మరణానంతరం సేకరించిన కణజాలాలతో నడిచిన జీటెక్స్ పథకంలో 44 కణజాలాలను పరిశీలించి, ఏదో ఒక కణజాలంలోనైనా లింగాన్నిబట్టి మారే జన్యువులు 37 శాతమని 2020లో ప్రకటించారు. కానీ చాలా తేడాలు చిన్నవి, మూత్రపిండ నమూనాలు మిగతా చాలా అవయవాలకంటే తక్కువ. మనుషుల మూత్రపిండ పట్టికను తెరిస్తే పైవరసలో కనిపించేవి ఎగ్జిస్ట్, వై క్రోమోజోమ్ జన్యువులే. అవి హార్మోన్ గురించి ఏమీ చెప్పవు. నమూనా ఇచ్చినవారిలో చాలామంది వయసు మళ్ళినవారు, స్త్రీలలో ఎక్కువమంది రుతుస్రావం ఆగినవారు కావడంతో, హార్మోన్ ప్రభావం వెతకడానికి అది అనువైన చోటూ కాదు.

అయినా మనిషి మూత్రపిండం ఆండ్రోజెన్‌కు స్పందిస్తుందనడానికి వైద్యశాలలోనే పాత సాక్ష్యం ఉంది. మూత్రపిండంలో తయారయ్యే ఎరిత్రోపొయెటిన్‌ను కృత్రిమంగా తయారుచేసి 1989లో మందుగా అనుమతించక ముందు, డయాలిసిస్ రోగుల రక్తహీనతకు నాండ్రొలోన్ వంటి ఆండ్రోజెన్లనే వాడేవారు. ఈ పని గురించి నేను మాట్లాడినప్పుడు నెఫ్రాలజీ చదువుతున్న ఒక మిత్రుడు, టెస్టోస్టిరాన్ చికిత్స తీసుకుంటున్న ట్రాన్స్ పురుషుడి రక్తంలో, మూత్రపిండ పనితీరు తగ్గిందనడానికి గుర్తుగా చూసే క్రియాటినిన్ పెరిగితే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలని అడిగాడు. క్రియాటినిన్ కండరాలనుంచి వస్తుంది, టెస్టోస్టిరాన్ కండరాన్ని పెంచుతుంది. దానికితోడు వడపోత అంచనా వేసే 2021 సీకేడీ-ఎపి సూత్రంలో కూడా పురుషుడా, స్త్రీయా అన్న గడి ఉంది. ఏ గడి నింపామన్నదాన్నిబట్టి అదే రక్తానికి వేరు వేరు అంకెలు వస్తాయి. కండరంతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి కూడా చేయించి, మూత్రంలో ఆల్బ్యుమిన్ చూసి, చికిత్సకు ముందున్న అదే వ్యక్తి అంకెలతో పోల్చమన్నాను. నాళిక కణాల్లో ఏ జన్యువులు మారాయో ఆ పరీక్షలేవీ చెప్పవు. అందుకే మూత్రంలో రాలే నాళిక కణాలనుంచి ఆర్.ఎన్.ఏ. తీసి, చికిత్సకు ముందూ తరవాతా చదవగలమా అన్న ప్రతిపాదనను ఇప్పుడు మేమిద్దరం మా నైతిక సంఘాలకోసం రాస్తున్నాం.